లౌడ్ రాక్ డ్రమ్ కిట్‌కి ఏ స్కిన్స్ వేయాలి? (కిక్ 22, టామ్స్ 12, 13, 16, స్నేర్ 14)

రెండుగిటార్లమధ్య:
అందరికీ నమస్తే. నాలుగు నెలల కింద ఒక సెకండ్ హ్యాండ్ డ్రమ్ కిట్ కొన్నాను, మేపుల్ చెక్క షెల్స్ (డ్రమ్ గుల్లలు), కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 22 అంగుళాలు, టామ్స్ (పైన బిగించే చిన్న డ్రమ్స్) 12, 13, ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడేది) 16, స్నేర్ (కింద వైర్లు ఉండే డ్రమ్) 14. మాది ఐదుగురి బ్యాండ్, హైదరాబాద్‌లో ఒక ప్రాక్టీస్ రూమ్ అద్దెకి తీసుకుని వారానికి రెండుసార్లు వాయిస్తాం, ఇద్దరు గిటారిస్టులు, ఇద్దరూ డిస్టార్షన్ పెట్టి ఆంప్ సగం పైన తిప్పుతారు. నా సమస్య ఏంటంటే నేను ఒక్కడినే కూర్చుని వాయిస్తే కిట్ బానే ఉంటుంది, బ్యాండ్ మొదలవగానే టామ్స్ మాయం, కిక్ అట్టపెట్టెని తన్నినట్టు ఉంటుంది, స్నేర్ మాత్రమే వినబడుతుంది. పోయిన నెల ఒక కాలేజ్ ఫెస్ట్‌లో వాయించాం, వీడియో చూస్తే టామ్ ఫిల్స్ (పాట భాగాల మధ్య టామ్స్ మీద వాయించే చిన్న ముక్కలు) అన్నీ చేతులు ఊపుతున్నట్టు ఉన్నాయి తప్ప సౌండ్ లేదు. చాలా బాధేసింది, ఆ ఫిల్స్ మీద రెండు వారాలు కష్టపడ్డాను.

ఇప్పుడు మొత్తం స్కిన్స్ (డ్రమ్ మీద బిగించే ప్లాస్టిక్ పొరలు) మార్చేద్దామనుకుంటున్నా. లౌడ్‌గా కావాలి కాబట్టి మార్కెట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే మందమైనవి, మధ్యలో నూనె ఉండే రకం గానీ అంచు దగ్గర రింగ్ ఉండే రకం గానీ వేద్దామని ప్లాన్. ఇప్పుడున్నవి ఏ రకమో తెలీదు, పైన ఏమీ రాసి లేదు. బడ్జెట్ ఒకేసారి మొత్తం కొనేంత లేదు, రెండు విడతల్లో కొంటాను. సలహా ఇవ్వండి.

పాతస్నేర్:
తమ్ముడూ, కొనకముందే అడిగావు, మంచి పని చేశావు. ముందు ఒక మాట. మందం ఎక్కువైతే సౌండ్ ఎక్కువ రాదు. ఇది చాలామంది పడే పొరపాటు, నేను కూడా మొదటి మూడేళ్లు ఇదే చేశాను.

స్కిన్ మందాన్ని మిల్‌లో చెప్తారు, మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. రెమో కంపెనీ అంబాసిడర్, ఎవాన్స్ కంపెనీ జీ1 లాంటివి ఒకే పొర, 10 మిల్, అంటే సుమారు పావు మిల్లీమీటర్. రెమో ఎంపరర్, ఎవాన్స్ జీ2 రెండు పొరలు, ఒక్కోటి 7 మిల్. రెండు పొరలు కలిసి బరువెక్కువ కాబట్టి అదే స్వరానికి రావాలంటే ఇంకా బిగించాలి, పైగా ఒక పొర మీద ఇంకో పొర ఆనుకుని ఉండటం వల్ల పై స్వరాలు, అంటే ఆ టింగుమనే భాగం, తొందరగా ఆగిపోతుంది. పొరల మధ్య నూనె ఉంటే ఇంకా తొందరగా ఆగిపోతుంది. దగ్గర కూర్చున్నవాడికి అది "బొద్దుగా, క్లీన్‌గా" అనిపిస్తుంది, పది అడుగుల దూరంలో రెండు గిటార్లు మోగుతుంటే ఆ బొద్దు సౌండ్ ఎక్కడుందో కూడా తెలీదు.

నా ఓటు టామ్స్ పైన ఒకే పొర, 10 మిల్, క్లియర్ (పూత లేనిది). కొంచెం పైకి బిగించు. రింగ్, అంటే ఆగకుండా సాగే మోత, వస్తుంది, రానివ్వు. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ కిక్ 26 అంగుళాలు, ఆయన డ్రమ్స్ పైకి బిగించి, మోగనిచ్చి వాయించాడు, కాబట్టే అంత పెద్దగా వినబడ్డాయి.

డబుల్‌ప్లై_గుంటూరు:
అన్నా గౌరవంతో ఒప్పుకోను. నేను మెటల్ వాయిస్తాను, 2బీ స్టిక్స్ (లావుపాటివి), వారానికి నాలుగు రోజులు. ఒకే పొర స్కిన్ నా చేతిలో నెల ఉండదు, గుంటలు పడి మధ్యలో తెల్లగా మచ్చ తేలి ఊగిపోతుంది. పైగా గట్టిగా కొడితే పల్చటి స్కిన్ సాగి స్వరం పైకి లేచి కిందకి పడుతుంది, ఉక్కిరిబిక్కిరైనట్టు ఒక చప్పుడు వస్తుంది తప్ప నోట్ రాదు. ఇంకా గట్టిగా కొడితే ఇంకా చచ్చిపోతుంది. రెండు పొరలది ఆ దెబ్బని ఓర్చుకుంటుంది.

ఈ పోస్ట్ వేసిన బ్రో రాక్ బ్యాండ్, ఇద్దరు గిటారిస్టులు అంటున్నాడు, తప్పకుండా గట్టిగానే కొడుతుంటాడు. జీ2 క్లియర్ గానీ ఎంపరర్ క్లియర్ గానీ వేసుకో బ్రో. డబ్బు పెట్టి కొన్నది కొన్నాళ్లు ఉండాలి కదా.

సౌండ్‌డెస్క్:
నేను డ్రమ్మర్‌ని కాదు, లైవ్ షోలకి మిక్సింగ్ చేస్తాను, ఈ చర్చలో నా వైపు నుంచి కూడా ఒక మాట ఉండాలి.

డిస్టార్షన్ గిటార్ రెండు మోగుతున్నప్పుడు మధ్య స్థాయి మొత్తం నిండిపోతుంది. టామ్‌లో మీకు ఇష్టమైన ఆ లావు శబ్దం, ఆ సాగే భాగం, సగానికి పైగా అక్కడే మునిగిపోతుంది. జనానికి చేరేది స్టిక్ తగిలిన క్షణం, ఆ వెంటనే వచ్చే స్వరం, అంతే. మీరు ముందే టేపులు, జెల్ ముక్కలు, టిష్యూ పేపర్లు అతికించి ఉంచితే ఆ మొదటి క్షణం కూడా మొద్దుబారిపోతుంది, నేను డెస్క్ దగ్గర ఎన్ని నాబ్‌లు తిప్పినా లేని దాన్ని తేలేను. ఉన్నదాన్ని తగ్గించడం మాత్రం నాకు క్షణం పని. స్టేజ్ మీదకి వచ్చిన ప్రతి డ్రమ్మర్‌కీ నేను చెప్పేది ఇదే. మీకు పక్కనే కూర్చుంటే చిరాకు పెట్టే రింగ్, హాల్లో ముప్పై అడుగుల దూరంలో అస్సలు వినబడదు. అది గిటార్ల కింద కలిసిపోయి టామ్‌కి కాస్త నిడివి ఇస్తుంది. ఒకసారి మీ బ్యాండ్ వాయిస్తుండగా వేరే ఎవరినైనా మీ కిట్ మీద కూర్చోబెట్టి మీరు గది చివర నిలబడి వినండి, అప్పుడు తెలుస్తుంది.

మైక్ ప్రతి టామ్‌కీ పెట్టే పెద్ద షో అయితే అంచు రింగ్ ఉండే ఈసీ2, పిన్‌స్ట్రైప్ లాంటివి నాకు సులువు, కాదనను. మైక్ లేని ప్రాక్టీస్ రూమ్‌లో, కిక్‌కీ స్నేర్‌కీ తప్ప మైక్ పెట్టని కాలేజ్ ఫెస్ట్‌లో మాత్రం వాటితో మీరు కనబడతారు, వినబడరు.

రెండుగిటార్లమధ్య:
"కనబడతారు వినబడరు", సరిగ్గా అదే సార్ మా వీడియోలో జరిగింది.

మీరంతా అడిగే లోపు కొన్ని విషయాలు చెప్తాను. నావి 5ఏ స్టిక్స్ (2బీ కంటే సన్నవి). టామ్స్ పైన స్కిన్స్ మొత్తం చిన్న చిన్న గుంటలు ఉన్నాయి, 12 మీద అయితే లెక్కలేనన్ని. కింద స్కిన్స్ కొన్న రోజు నుంచి ముట్టుకోలేదు, వేళ్లతో తడితే వదులుగా ఊగుతున్నాయి. ఫ్లోర్ టామ్‌కి రెండు చోట్ల టేప్, మధ్యలో జెల్ నేనే పెట్టాను ఎందుకంటే గూంయ్ అని మోగుతూనే ఉంటుంది. కిక్‌లో ఒక దిండు, పాత దుప్పటి ఉన్నాయి, అవి అమ్మినాయన పెట్టినవి.

చర్చిడ్రమ్స్_విజయవాడ:
బ్రదర్, నీ లిస్ట్ చదివితే నాకు మా చర్చి గుర్తొచ్చింది, ఎందుకో చెప్తాను. మా దగ్గర ఆరాధనలో డ్రమ్స్ ఉంటాయి, హాల్ చిన్నది, గోడలు సిమెంట్, పైన రేకులు. పెద్దవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, సౌండ్ తగ్గించమని ప్రతి వారం అడుగుతారు. ఎనిమిదేళ్ల నుంచి నా పని అంతా కిట్ సౌండ్ తగ్గించడమే. దానికోసం నేను ఏం చేశానో విను. నూనె రకం మందపు స్కిన్స్ వేశాను. కిందకి వదులుగా ట్యూన్ చేశాను. టామ్స్ మీద జెల్, ఫ్లోర్ టామ్ మీద టేప్. కింద స్కిన్స్ పట్టించుకోకుండా వదిలేశాను. కిక్ నిండా దుప్పట్లు కుక్కాను. అన్నీ పనిచేశాయి, ఇప్పుడు మా దగ్గర పాడేవాళ్ల గొంతులు హాయిగా వినబడతాయి.

నువ్వు లౌడ్‌గా కావాలని చేయబోతున్నవీ ఇప్పటికే చేసినవీ అన్నీ ఇవే. నాకు కావలసిన దానికి ఇవి కరెక్ట్, నీకు కావలసిన దానికి పూర్తిగా ఎదురు.

రెండుగిటార్లమధ్య:
ఇది చదివి కాసేపు అలా ఉండిపోయాను అన్నా. నిజంగా థ్యాంక్స్. ఇప్పుడే రూమ్‌కి వెళ్లి ఫ్లోర్ టామ్ టేపులన్నీ పీకేశాను.

పాతస్నేర్:
విజయవాడ మిత్రుడు నేను పది పోస్టుల్లో చెప్పలేనిది ఒక్క పోస్టులో చెప్పాడు.

గుంటల సంగతి. 5ఏ స్టిక్‌తో అన్ని గుంటలు పడ్డాయంటే అది బలం వల్ల కాదు. రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, స్కిన్ మరీ వదులుగా ఉంది, వదులు స్కిన్ మీద స్టిక్ ఎగిరి రాదు, లోపలికి దిగుతుంది. రెండోది టామ్స్ నీ వైపు మరీ నిటారుగా వంచి పెట్టావు, దాంతో స్టిక్ మొన గునపంలా గుచ్చుకుంటోంది. టామ్స్ కొంచెం కిందకి దించి దాదాపు బల్లపరుపుగా పెట్టు, సీటు ఒక అంగుళం పైకి లేపు, స్టిక్ పక్కవాటుగా పడాలి. గుంటూరు తమ్ముడికి కూడా ఇదే అడుగుతున్నాను, నెలలో స్కిన్ పోతోందంటే టామ్ యాంగిల్ ఒకసారి చూసుకో.

అయితే ఒక విషయంలో గుంటూరు తమ్ముడి మాట నిజం, గట్టి దెబ్బకి ఒకే పొర ఉక్కిరిబిక్కిరవుతుంది. నేను ఇప్పుడు అంత బలంగా వాయించను కాబట్టి నాకు 10 మిల్ సరిపోతుంది. ఈ బ్యాండ్‌కి రెండు పొరల 7 మిల్, కానీ అంచు రింగ్ లేకుండా, నూనె లేకుండా, పైకి బిగించి వాయిస్తే సరిగ్గా సరిపోవచ్చు. నా మొదటి ఓటు మార్చుకుంటున్నాను.

డబుల్‌ప్లై_గుంటూరు:
యాంగిల్ చూశాను అన్నా. బాగా వంచి ఉంది. చిన్నప్పుడు ఎవరిదో వీడియో చూసి అలా పెట్టాను, మార్చనేలేదు. ఇవాళ దించాను, మణికట్టు కూడా హాయిగా ఉంది.

కిక్ గురించి నేను చెప్తాను. దిండు, దుప్పటి రెండూ తీసెయ్ బ్రో. కిక్‌కి అంచు దగ్గరే రింగ్ కలిపి వచ్చే స్కిన్ వేసుకో, రెమో పవర్‌స్ట్రోక్ 3 అయినా సరే, ఎవాన్స్ ఈమ్యాడ్ అయినా సరే. ఈమ్యాడ్‌లో బయట ఫోమ్ రింగులు రెండు సైజుల్లో ఇస్తారు, కావాలంటే సన్నది పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయచ్చు. టామ్స్‌కి రింగ్ వద్దన్నారు కదా కిక్‌కి ఎందుకు అంటావేమో, కిక్ 22 అంగుళాలు, దాన్ని అస్సలు ఆపకపోతే బీట్‌కీ బీట్‌కీ మధ్య ఖాళీ ఉండదు, డబుల్స్ (వెంటవెంటనే రెండు దెబ్బలు) వాయిస్తే ముద్దయిపోతుంది. అంచు దగ్గర కాస్త పట్టి ఉంచి మధ్యలో మాత్రం స్వేచ్ఛగా వదిలేయాలి. బీటర్ (పెడల్ తొక్కితే కిక్‌ని కొట్టే సుత్తి) తగిలే చోట ఒక ప్యాచ్ తప్పకుండా అతికించు, ప్యాచ్ లేకపోతే బీటర్ ఒకే చోట తగిలి తగిలి అక్కడే చిరుగుతుంది. ఫెల్ట్ బీటర్ బదులు ప్లాస్టిక్ వైపు తిప్పితే క్లిక్ పెరుగుతుంది.

సౌండ్‌డెస్క్:
కిక్ ముందు వైపు స్కిన్‌కి 4, 5 అంగుళాల రంధ్రం, మధ్యలో కాకుండా పక్కకి, ఉంటే మైక్ లోపల పెట్టడానికి మాకు బాగుంటుంది. మైక్ లేని గదిలోనే ఎక్కువ వాయిస్తారంటే మాత్రం రంధ్రం లేని పూర్తి స్కిన్ ఎక్కువ నిడివీ, ఎక్కువ సౌండూ ఇస్తుంది. పది అంగుళాల పెద్ద రంధ్రం కోయద్దు, అంత కోస్తే ముందు స్కిన్ ఉన్నా లేనట్టే.

డాలస్_బీట్స్:
ఇక్కడ నుంచి తెలుగులో డ్రమ్స్ గురించి చదవడం ఎంత బాగుందో. ఒక ముఖ్యమైన హెచ్చరిక చెప్పడానికి వచ్చాను. టామ్ స్కిన్స్ మూడు కలిపి ప్యాక్‌లుగా అమ్ముతారు, విడివిడిగా కొనేకంటే చవక. ఎవాన్స్ ప్యాక్‌ల పేర్లు చూసి మోసపోవద్దు, రాక్ అని రాసి ఉన్న ప్యాక్‌లో 10, 12, 16 ఉంటాయి. స్టాండర్డ్ అని రాసి ఉన్న దాంట్లో 12, 13, 16. ఫ్యూజన్ అంటే 10, 12, 14. నీది రాక్ బ్యాండ్ కాబట్టి రాక్ ప్యాక్ అని ఆర్డర్ పెడితే నీ 13కి స్కిన్ ఉండదు, వాడని 10 ఒకటి ఇంట్లో పడి ఉంటుంది. నేను సరిగ్గా ఇదే చేశాను, నా దగ్గర ఆ 10 ఇంకా కవర్‌లోనే ఉంది.

కొలిచేటప్పుడు రిమ్ (స్కిన్‌ని పట్టి ఉంచే చుట్టు) కొలవకు, రిమ్ తీసేసి ఒట్టి షెల్ ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలువు.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తారంటే 16 వరకు పెద్ద సూట్‌కేస్‌లో బట్టల మధ్య హాయిగా వస్తాయి, ఒకదాంట్లో ఒకటి పేర్చచ్చు. 22 మాత్రం మామూలు సూట్‌కేస్‌లో పట్టదు, నేను రెండుసార్లు ప్రయత్నించాను. కిక్ స్కిన్ అక్కడే కొనుక్కో.

నల్గొండ_లయ:
ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. నేను ఒక సైట్‌లో తెలిసిన బ్రాండ్ పేరుతో సగం ధరకి వస్తోందని స్నేర్ స్కిన్ కొన్నాను. లోగో కొంచెం వంకరగా ఉంది, కోటింగ్ రెండో రోజుకే పొడిలా రాలి ఒళ్లో పడింది, అల్యూమినియం రింగ్ నుంచి ఫిల్మ్ వారం లోపే ఊడొచ్చింది. బిగించేటప్పుడు ఊడింది కాబట్టి సరిపోయింది, షోలో అయ్యుంటే ఏం చేసేవాడినో. అప్పటి నుంచి చేతితో పట్టుకుని చూడగలిగే షాపులోనే కొంటున్నాను.

మా పెదనాన్న డప్పు వాయిస్తారు. ఆయనకి ఈ ప్లాస్టిక్ స్కిన్స్ చూపిస్తే పట్టుకుని చాలాసేపు తట్టి చూశారు. డప్పుకి తోలు కదా, చలికీ వానకీ మెత్తబడిపోతుంది, అందుకే వాయించే ముందు మంట వేసి కాపుతారు, కాగిన కొద్దీ బిగుస్తుంది, ఆ కణకణమనే మోత వచ్చేదాకా కాపుతారు. మధ్యలో మెత్తబడితే మళ్లీ మంట దగ్గరికి వెళ్లాల్సిందే. ఆయన అన్న మాట ఈ చర్చ చదువుతుంటే గుర్తొచ్చింది. ఊరేగింపులో డప్పు ఊరి చివరిదాకా వినబడాలంటే తోలు పల్చగా, బిగువుగా ఉండాలంట. మందం తోలు దగ్గరివాళ్లకే అంట.

పాతస్నేర్:
మీ పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. డ్రమ్ కిట్ వాళ్లకీ 1950ల మధ్య వరకు దూడ తోలే ఉండేది, వాన పడితే వదులు, ఎండ కాస్తే బిగువు. మైలార్ అనే పాలిస్టర్ ఫిల్మ్ వచ్చాక చిక్ ఎవాన్స్ 1956లో, రెమో బెల్లి 1957లో దాంతో స్కిన్స్ తయారుచేయడం మొదలుపెట్టారు. రెమో వాళ్ల స్కిన్స్ మీద వెదర్ కింగ్ అని రాసి ఉండేది అందుకే. రాక్ సంగీతం అంత గట్టిగా వాయించడానికి వీలు కలిగిందంటే ఈ ఫిల్మ్ వల్లే, తోలు ఆ దెబ్బలకి ఎన్నాళ్లు నిలిచేది.

ఇక ట్యూనింగ్. తమ్ముడూ, ఏ స్కిన్ కొన్నా ఇది చేయకపోతే డబ్బు వృథా, కాబట్టి వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

పాత స్కిన్స్ తీసిన వెంటనే షెల్ అంచు, అంటే స్కిన్ ఆనుకునే బేరింగ్ ఎడ్జ్, చూడాలి. మీ ఇంట్లో వంటగది గ్రానైట్ గట్టు ఉంటుంది కదా, అది శుభ్రంగా తుడిచి షెల్‌ని దాని మీద బోర్లించు, లోపల ఫోన్ టార్చ్ వెలిగించి పెట్టు, గదిలో లైట్ ఆర్పేసి చుట్టూ కిందికి వంగి చూడు. ఎక్కడైనా వెలుతురు గీత కనబడితే అక్కడ అంచు పల్లంగా ఉందన్నమాట, షెల్‌ని కొంచెం తిప్పి మళ్లీ చూడు, గీత షెల్‌తో పాటు తిరిగితే తప్పు షెల్‌ది, అక్కడే ఉండిపోతే గట్టుది. కాగితం మందం వరకు పర్వాలేదు. అంచుని వేలితో నిమురు, గంటు తగిలితే గుర్తుపెట్టుకో, నువ్వే సాండ్‌పేపర్ పట్టుకుని రుద్దడం మాత్రం మొదలుపెట్టకు. టెన్షన్ రాడ్లు (రిమ్‌ని బిగించే మరలు) తుడిచి ఒక్క చుక్క మెషిన్ ఆయిల్ వేయి, వాషర్ లేనిచోట వాషర్ పెట్టు.

కింద స్కిన్‌తో మొదలుపెట్టాలి. కొత్త స్కిన్ పెట్టి, రిమ్ పెట్టి, అన్ని రాడ్లూ వేళ్లతో తగిలేదాకా మాత్రమే తిప్పు. తర్వాత డ్రమ్ కీతో ఎదురెదురు రాడ్లు, ఒకటి తిప్పాక దాని ఎదుటిది, ఒక్కోటి అర చుట్టు. పక్కపక్కవి వరసగా తిప్పుకుంటూ పోతే స్కిన్ ఒకవైపు లాగేసి ఇక ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. ముడతలు పోయేదాకా అలా చేసి, తర్వాత పావు చుట్టు, ఇంకా తర్వాత అంతకంటే తక్కువ. ప్రతి రాడ్ దగ్గర అంచు నుంచి అంగుళం లోపలికి స్టిక్‌తో మెల్లగా తట్టి విను, అన్నిచోట్లా ఒకే శ్రుతి రావాలి. ఇది ఫిల్స్ నేర్చుకోవడం కంటే కష్టం, మొదటిసారి ఒక్క టామ్‌కి గంట పట్టినా కంగారు పడకు. తర్వాత పైది కూడా అలాగే. నేను కింద స్కిన్‌ని పైదానికంటే కాస్త పైశ్రుతిలో పెడతాను, నోట్ సాగి సాగి ఉండదు, చక్కగా పలికి ఆగుతుంది. రెండూ సమానంగా పెడితే ఎక్కువసేపు మోగుతుంది. నీ ఫ్లోర్ టామ్ గూంయ్‌మని ఆగకుండా మోగడం కింద స్కిన్ వదులు వల్ల, రాడ్లు ఒక్కోటి ఒక్కో బిగువులో ఉండటం వల్ల అయ్యుంటుంది, టేప్ వేసి దాన్ని కప్పిపెట్టావు అంతే.

12కీ 13కీ అంగుళమే తేడా, రెండిటి శ్రుతి దగ్గరపడి ఫిల్‌లో తేడా తెలీదు. 12ని ధైర్యంగా పైకి లేపు, 13ని మధ్యలో ఉంచు. ఏసీ గదిలో ట్యూన్ చేసి బయట ఎండలో స్టేజ్ మీద పెడితే శ్రుతి మారుతుంది, అక్కడ పది నిమిషాలు ముందే వెళ్లి మళ్లీ సరిచూసుకో.

రెండుగిటార్లమధ్య:
ప్రింట్ తీసుకుని కిట్ బ్యాగ్‌లో పెట్టుకున్నాను అన్నా. స్నేర్ సంగతి కూడా ఒక మాట చెప్పండి, దాన్ని రెండో విడతలో కొంటాను.

డబుల్‌ప్లై_గుంటూరు:
స్నేర్ పైన కోటెడ్ (పూత ఉన్నది), మధ్యలో చుక్క ఉన్న రకం. రెమో కంట్రోల్డ్ సౌండ్ అయినా సరే. రిమ్‌షాట్లు (స్కిన్‌నీ రిమ్‌నీ ఒకేసారి తగిలేలా) కొట్టేవాడివైతే చుక్క ఉంటే ఎక్కువ రోజులు వస్తుంది. కింద స్కిన్ మాత్రం వేరే, స్నేర్ సైడ్ అని రాసి ఉన్నదే కొనాలి, అది 3 మిల్ మాత్రమే, చాలా పల్చన. దాన్ని పొరపాటున కూడా పైన వేయకు, ఒక్క దెబ్బకి పోతుంది. పైన వేసేది కింద వేసినా తప్పే, వైర్లు పలకవు.

రెండుగిటార్లమధ్య:
మూడు వారాల తర్వాత వచ్చాను, రిపోర్ట్ ఇవ్వాలి కదా.

గ్రానైట్ గట్టు పరీక్ష చేశాను, మా అమ్మ వంట ఆపి మరీ టార్చ్ పట్టుకుంది. 12, 16 అంచులు బాగున్నాయి. 13కి ఒకచోట వెలుతురు గీత కనబడింది, షెల్ తిప్పితే గీత కూడా తిరిగింది. కాగితం మందమే కాబట్టి వదిలేశాను. మొదటి విడతలో టామ్స్ పైన జీ2 క్లియర్, స్టాండర్డ్ ప్యాక్, డాలస్ అన్నకి ప్రత్యేకంగా థ్యాంక్స్ ఎందుకంటే నా కార్ట్‌లో అప్పటికే రాక్ ప్యాక్ ఉంది. కింద జీ1 క్లియర్ మూడు. కిక్‌కి పవర్‌స్ట్రోక్ 3, ప్యాచ్ అతికించాను, దుప్పటి తీసేశాను, దిండు తీసేసి చిన్న తువ్వాలు మాత్రం ముందు స్కిన్‌కి ఆనేలా పెట్టాను. కింద స్కిన్స్ విప్పితే లోపల కిలో దుమ్ము, రెండు వాషర్లు, ఎవరిదో ఒక పెన్ను దొరికాయి.

మొదటి టామ్‌కి గంటన్నర పట్టింది. 13 చివరి రాడ్ దగ్గర ఇంకా కొంచెం తేడా ఉంది, అది ఆ పల్లం ఉన్న చోటే. అయినా ప్రాక్టీస్‌లో మొదటి ఫిల్ వాయించగానే మా బేసిస్ట్ వాయించడం ఆపి వెనక్కి తిరిగి చూశాడు. సౌండ్‌డెస్క్ గారు చెప్పినట్టు మా రిథమ్ గిటారిస్ట్‌ని కిట్ మీద కూర్చోబెట్టి నేను తలుపు దగ్గర నిలబడ్డాను, అతనికి మామూలు బీట్ వచ్చు. దగ్గర కూర్చున్నప్పుడు చెవిలో దూరే ఆ రింగ్ అక్కడికి రానే లేదు, టామ్ మాత్రం స్పష్టంగా, ఏ టామో తెలిసేలా వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి, నిజంగా చెప్తున్నా.

ఒకే సమస్య. ఇప్పుడు 12 కొడితే స్నేర్ వైర్లు బుర్రుమంటున్నాయి. ఇంతకుముందు ఇది లేదు.

సౌండ్‌డెస్క్:
ఇంతకుముందు టామ్ మోగలేదు కాబట్టి స్నేర్ వైర్లని కదిలించలేదు. ఇప్పుడు మోగుతోంది. పూర్తిగా పోదు, బ్యాండ్‌లో వినబడదు కూడా. చెవులకి ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటున్నారా? ఆ గదిలో ఆ గిటార్ల మధ్య, ఇప్పుడీ కిట్‌తో, తప్పకుండా పెట్టుకోండి. నాకు ఎడమ చెవిలో ఒక సన్నటి కూత ఏడేళ్ల నుంచి ఆగలేదు, పెట్టుకోకపోవడం వల్లే.

పాతస్నేర్:
12 శ్రుతీ స్నేర్ శ్రుతీ దగ్గరపడ్డాయి, అందుకే బుర్రుమంటోంది. 12ని కొంచెం కిందకో పైకో జరుపు, పావు చుట్టు చాలు. తగ్గకపోతే స్నేర్ కింద స్కిన్‌లో వైర్లకి అటూ ఇటూ ఉన్న నాలుగు రాడ్లు మాత్రం కాస్త వదులు చేసి చూడు. అన్నట్టు ఆ 13 అంచు గురించి, నువ్వు ఎప్పుడైనా వైజాగ్ వస్తే షెల్ తెచ్చుకో, ఇక్కడ నాకు తెలిసిన వడ్రంగి ఒకాయన ఉన్నాడు, ఇప్పటికి నావి మూడు షెల్స్ సరిచేశాడు.

రెండుగిటార్లమధ్య:
12ని పైకి లేపాను, ఆ బుర్రుమనడం చాలావరకు పోయింది. ఇయర్ ప్లగ్స్ ఇవాళే కొన్నాను సార్, ఐదుగురికీ. సంక్రాంతి సెలవుల్లో వైజాగ్ వస్తున్నా అన్నా, 13 తెస్తాను.